కోట వైపు కరెంటు వంతు

పోయిన నెలలో ఆదెప్ప మామ మనవరాలి పెండ్లి పత్రిక ఇవ్వడానికి హిందూపురంలోని మా ఇంటికి వచ్చాడు. పెనుకొండ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి, అక్కడే లైన్‌మ్యాన్‌గా చేసిన మా నాయనకు జతగాడు. ఆ వేళకు నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆన్‌లైన్‌లో జరగబోయే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సభకు ఎవరు ఎప్పుడు మాట్లాడాలో పట్టిక వేస్తున్నాను. జీతం లేని పని అది. మాట్లాడేవాళ్ళూ ఊరికే మాట్లాడతారు, ఏర్పాట్లు చేసేవాళ్ళూ ఊరికే చేస్తారు. అందుకే ఒకరు రేపంటారు, ఇంకొకరు మాపంటారు, పట్టిక ఒక పట్టాన తేలదు. మామ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని నా వెనక నిలబడి తెర వైపు కాసేపు చూశాడు. "ఇంకా ఈ లిస్టులు రాస్తానే ఉండావా పాపా? ఆ పొద్దు నీ లిస్టు చూసుకోనే కదా మీ నాయన నా కాడికి వచ్చి కోత మార్పిచ్చింది" అన్నాడు. నాకు తెలిసే ఉంటుందన్నట్టు మామూలుగా అన్నాడు.

నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా నేను నమ్మింది దీనికి పూర్తిగా వేరు. నాయన తన వంతుల పట్టింపు కోసం మా సభ పాడవుతుంటే చూస్తూ ఊరుకున్నాడని, నాగరత్న అనే పిల్లకు వచ్చిన మంచి అవకాశం ఆయన మౌనం వల్లే చెయ్యి జారిందని నమ్మాను. మామను మళ్ళీ కూర్చోబెట్టి అంతా చెప్పించుకున్నాను. ఆయన వెళ్ళినప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. రెండు వాక్యాలు రాయడం, లేచి వంటింట్లోకి పోవడం, పోయిందెందుకో మరిచి తిరిగి రావడం. మా అవ్వ బతికి ఉంటే "కాలుగాలిన పిల్లి మాదిరి ఏమే ఆ తిరుగుడు" అనేది. చిన్నప్పటి నుంచీ నన్ను ఆమె అన్న మాటే అది.

పెనుకొండలో మా ఇల్లు కోట వైపు వీధిలో ఉండేది. పొద్దున్నే వేరుశనక్కాయలు వేయించి ఊరిబిండి నూరే వాసన, దాని మీద నాయన ఖాకీ చొక్కా నుంచి ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసన. అమ్మ ఆ చొక్కాను ఎన్నిసార్లు సవుడు మన్ను పెట్టి ఉతికినా ఆ వాసన వదిలేది కాదు. నాయన డ్యూటీకి పోయేముందు రబ్బరు గ్లౌజుల్లోకి గాలి ఊది, చెంపకు ఆనించి, ఎక్కడైనా బెజ్జం ఉందేమోనని చూసుకునేవాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క రోజు కూడా ఆ పని మానలేదట. ఇంట్లో ఆయన మాట్లాడేది తక్కువ. అడిగినదానికి జవాబు చెప్పి, చెప్పిన దానికి కట్టుబడి, సంగటి తిని పడుకునే మనిషి. నాకేమో అన్నం తింటూ కూడా నాలుగు మాటలు మాట్లాడి రెండుసార్లు లేవకపోతే తిన్నట్టు ఉండదు. ఆయన కూతురుగా ఎట్లా పుట్టానో అని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో కరెంటు కోత అన్నం లాగా రోజూ ఉండేది. ఊరికి రెండు లైన్లు, కోట వైపు ఒకటి, రైల్వే స్టేషన్ వైపు ఒకటి. ఒక వైపుకు పొద్దున పది నుంచి పన్నెండు దాకా తీస్తే, రెండో వైపుకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తీసేవాళ్ళు. పదిహేను రోజులకోసారి వంతు మారేది. ఒక్కోసారి ఏ కబురూ లేకుండా ముందే మారేది. అందుకని మా అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. "ఏమప్పా నారాయణప్పా, రేపు మా ఇంట్లో నిశ్చితార్థం ఉండాది, ఒగ గంట ఆలస్యంగా తీయమని చెప్పప్పా" అని అడిగేవాళ్ళు. నాయన చేతులు జోడించి "వంతు వంతేనప్పా. నీకిస్తే అవతలోనిది తీయల్ల" అనేవాడు. ఒట్టి మాట కాదు. మా అక్క పెండ్లి ముహూర్తం సరిగ్గా కోత వేళకే పడింది. తాళి కట్టే సమయానికి మైకు మూగబోయింది, ఫ్యాన్లు ఆగాయి, పెండ్లికొడుకు తరఫువాళ్ళు చెమటలు తుడుచుకుంటూ "లైన్‌మ్యాన్ ఇంట్లోనే కరెంటు లేదే" అని నవ్వారు. నాయన అక్షింతలు వేసి తలవంచుకుని నిలబడ్డాడు. అమ్మ ఆయనతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు.

నేను హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. రోజూ పెనుకొండ నుంచి రైల్లో పోయి రావడం. అక్కడ రామాంజి అని లెక్కల మాస్టారు పరిచయమయ్యాడు. బెంగళూరు నుంచి ఎవరో ఇచ్చిన లినక్స్ సీడీని గుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది ఆయనే. ఒకరు రాసిన ప్రోగ్రాము ఎవరైనా తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి పంచవచ్చు అన్న సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇట్లాంటిది మన తావున నలుగురికీ తెలియాలి అనుకున్నాం. ధర్మవరంలో నాగరత్న మాకు కలిసింది. మగ్గాల ఇంటి పిల్ల. పొద్దున ఇంట్లో నాయన మగ్గానికి పట్టుదారం ఆసు పోసి పెట్టి, తర్వాత ఒక డీటీపీ సెంటర్‌లో పెండ్లి పత్రికలు కొట్టేది. తీరిక దొరికితే లినక్స్‌లోని మెనూలను ఒక్కొక్కటిగా తెలుగు చేసేది. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు, తనకు తోచి మొదలుపెట్టింది. కంప్యూటరు తెర మీద "తెరువు", "భద్రపరచు" అని తెలుగులో కనిపించినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

మా కమిటీ అంటే మేం ముగ్గురమే. ఆదివారాలు రామాంజి హిందూపురంలో పాసింజరు ఎక్కేవాడు, నేను పెనుకొండలో ఎక్కేదాన్ని, ధర్మవరం ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల దగ్గర నాగరత్న మాకోసం కాచుకుని ఉండేది. తిరుగు పాసింజరు వచ్చేదాకా అదే మా ఆఫీసు. బొరుగుల ఉగ్గాణి పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని సభ ఏర్పాట్లు మాట్లాడుకునేవాళ్ళం. ముగ్గురికీ నడుమ ఊరు కాబట్టి పెనుకొండలో చేద్దామని, కోట వైపు ఉన్న ఒక పాత సత్రం హాలు అడుగుదామని తేల్చాం. మాట్లాడేవాళ్ళను కుదర్చడమే కష్టం. మా వైపు మనుషులు మొహం మీద రానని చెప్పరు. "చూస్తాంలేమ్మా" అంటారు. ఆ మాటకు రానని అర్థమని మాకు తెలియక కాదు, ఈసారికి రాకపోతారా అని ఆశ. అట్లా చూస్తామన్న ఆరుగురి పేర్లు మొదటి పట్టికలో రాశాను. రెండో పట్టికలో నలుగురు మిగిలారు. చివరికి రామాంజి, ఆయన శిష్యుడు ఒకడు, నాగరత్న, నేను. నలుగురితోనే సభ.

నలుగురే అయినా పట్టిక నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఎవరు ముందు, ఎవరు వెనక, భోజనాలకు ముందు బరువైన విషయం పెట్టాలా తేలికైనది పెట్టాలా, రామాంజికి గంట ఇస్తే రెండు గంటలు మాట్లాడతాడు కదా, ఇవే ఆలోచనలు. రాయడం, కొట్టివేయడం, మళ్ళీ రాయడం. తయారైన ప్రతి పట్టికనూ ఇంట్లో క్యాలెండరు పక్కన గోడకు అతికించేదాన్ని. నాయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ దాన్ని ఒకసారి చదివేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఎనిమిదో పట్టిక వేసినప్పుడు మాత్రం "లైను ఎక్కినాక పోలు మార్చకూడదమ్మా" అన్నాడు. అవ్వ నవ్వింది, నాకు రోషం వచ్చింది.

ఆ ఎనిమిదో పట్టికలో పదింటికి నాది, ఆ వెంటనే నాగరత్నది. రెంటికీ కంప్యూటరు కావాలి. తెర మీద చూపించకపోతే మా మాటల్లో ఏమీ మిగలదు. మిగతా ఇద్దరికి నల్లబల్ల చాలు. నాగరత్న సంగతి ఇంకా ముఖ్యం. బెంగళూరులో మాలాంటి బృందమే ఒకటి, మూడు నెలలు వచ్చి ఉండి తెలుగు పని చేయమని ఆమెను పిలిచింది. వాళ్ళ నాయన ఇంకా ఊ అనలేదు. "సభకు వస్తానన్యాడక్కా. ఒగసారి కండ్లారా చూస్తే పంపిస్తాడు. నోటితో చెప్తే నమ్మడు" అంది. ఆమె పట్టుకున్న కొస అదొక్కటే.

తీరా చూస్తే ఆ పదిహేను రోజులూ కోట వైపుకు కోత పొద్దున పది నుంచి పన్నెండు. ఊళ్ళో జనరేటర్లు మూడుంటే ఆ రోజు ముహూర్తాలని మూడూ పెండ్లిళ్ళకు పోయాయి. నేను నాయన ముందు కూర్చున్నాను. జీవితంలో ఏదీ అడగలేదని, ఈ ఒక్క రోజుకు రెండు వైపుల కోతా అటుదిటు మార్పించమని అడిగాను.

"వంతు వంతేనమ్మా."

"ఒగ ఆడపిల్ల బతుకు నాయనా. వాళ్ళ నాయన చూడల్ల."

"స్టేషన్ వైపు కూడా ఆడపిల్లలుండారు. ఈ పొద్దు నా కూతురికి మారిస్తే, రేపు అరుగు మీదికి వచ్చినోనికి ఏం చెప్పేది?"

"అక్క పెండ్లప్పుడూ ఇంతే. నువ్వు ఇంటి మనిషివి కావు, డిపార్ట్‌మెంట్ మనిషివి" అన్నాను. అనకూడని మాట అని అన్నప్పుడే తెలుసు. నాయన గ్లౌజులు మడిచి సంచిలో పెట్టుకుని లేచాడు. ఆ తర్వాత మూడు రోజులు ఇద్దరం ఎదురుపడినా పలకరించుకోలేదు.

నేను చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. శనివారం ధర్మవరం పోయి, మా సిమెంటు బల్ల మీద పట్టిక మార్చేశాను. నల్లబల్ల మీద చెప్పే ఇద్దరినీ పొద్దున కోత వేళకు జరిపి, నన్నూ నాగరత్ననూ కరెంటు ఉండే మధ్యాహ్నానికి పెట్టాను. ఇంత చిన్న ఉపాయం ముందే తట్టనందుకు నవ్వుకున్నాం. "మేడం, ఇదే ఆఖరుదేనా?" అని రామాంజి అడిగాడు. ఇక ఈ పట్టికను బ్రహ్మదేవుడు చెప్పినా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ కాగితం నా సంచిలోనే ఉండిపోయింది. గోడ మీద ఎనిమిదోదే ఉంది. మాట్లాడుకోని ఇంట్లో కొత్తది అతికించి ఎవరికి చూపించాలి?

అదే శనివారం సాయంత్రం, నేను ఇంకా రైల్లో ఉండగా, నాయన గోడ మీది పట్టిక చదువుకుని సబ్‌స్టేషన్‌కు నడిచి పోయాడు. ఇది ఇప్పుడు ఆదెప్ప మామ చెబితే తెలిసింది. చాలాసేపు బెంచీ మీద కూర్చుని, "రేపు ఒగ్గ దినం కోట వైపుది మధ్యాహ్నం తీయప్పా. పొద్దున తీసేది స్టేషన్ వైపుకు పెట్టు. పాపది పదింటికి ఉండాది" అన్నాడట. ఉద్యోగంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారట. "ఇంట్లో చెప్పద్దు, అలుసైపోతా" అని కూడా అన్నాడట. మరునాడు తెల్లవారకముందే, తెగిన లైను ఒకటి చూడడానికి ఏదో పల్లెకు సైకిలెక్కి పోయాడు.

సభకు నలభై మంది దాకా వచ్చారు. పదయింది, పదింబావు అయింది, కరెంటు పోలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మూల బల్ల మీద కంప్యూటరు వెలుగుతోంది, రామాంజి సుద్దముక్కతో నల్లబల్ల మీద బొమ్మలు వేసి చెబుతున్నాడు. విరామంలో నా దగ్గరికి వచ్చి "మేడం, కరెంటు ఉండాది కదా, మీవి ఇప్పుడే పెట్టేద్దామా?" అన్నాడు. నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మార్చమని మనసు పీకుతోంది. కానీ కూతురిది మధ్యాహ్నమని చెప్పాం కాబట్టి నాగరత్న నాయన మధ్యాహ్నం బండికి గానీ రాడు. పైగా ఏ నిమిషంలో పోతుందో తెలియని కరెంటు. అన్నిటికీ మించి, ఎనిమిదిసార్లు మార్చినందుకు అందరి నోళ్ళలో నలిగి ఉన్నాను. "ఇంగ మార్చేది లేదు సార్" అన్నాను. నా బతుకులో నేను పట్టుబట్టి కదలకుండా నిలబడింది ఆ ఒక్కసారే.

ఒంటిగంటన్నరకు నాగరత్న నాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువాలు, చేతివేళ్ళకు పట్టుదారం రంగు. ముందు వరసలో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన చూడాల్సింది కూతురు పని కాబట్టి, నేను వెనక్కి జరిగి నాగరత్ననే ముందు నిలబెట్టాను. ఆమె మౌసు పట్టుకుని "నమస్కారం" అంది, మొదటి మెనూ తెరిచింది. తెలుగు అక్షరాలు కనిపించాయో లేదో, టక్కున తెర నల్లబడింది, ఫ్యాన్లు ఆగాయి. గోడ గడియారంలో సరిగ్గా రెండు. ఏ కబురూ లేకుండా వంతు ముందే మారిపోయిందనుకున్నాను. ఎవరో కిటికీలు తెరిచారు. నాగరత్న నల్లబల్ల వైపు తిరిగి ఏదో రాయబోయింది, సుద్ద విరిగింది. "ఇందులో... తెలుగులో వస్తాది" అంది. ఇంకో రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. వాళ్ళ నాయన కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత లేచి, ఎవరినీ నొప్పించకూడదన్నట్టు మెల్లగా "ఈడ చూసేదేముండాదమ్మా. బండి టైమయితాంది, పోదాం పా" అన్నాడు. ఆమె నా వైపు చూడకుండా సంచి తీసుకుంది. బెంగళూరుకు పోలేదు. మరుసటి ఏడు కనగానపల్లిలో పెండ్లయింది. ఇప్పుడక్కడే జిరాక్సు కొట్టు నడుపుతోంది. ఎప్పుడైనా ఫోన్ చేస్తే "నీదేముందక్కా, కరెంటు పాయ" అంటుంది.

వాళ్ళు గడప దాటిన కాసేపటికి నాయన వచ్చాడు. ఖాకీ చొక్కా చెమటతో తడిసి ఉంది, సైకిలు తొక్కి తొక్కి మొహం వాడిపోయి ఉంది. కానీ నవ్వుతున్నాడు. నాయన నవ్వడం నేను చూసింది బహు తక్కువ. నా దగ్గరికి వచ్చి "ఎట్లా జరిగిందమ్మా, బాగుండిందా?" అన్నాడు. ఆగిన ఫ్యాన్ల కింద, ఖాళీ అయిన ముందు కుర్చీ ఎదుట నిలబడి ఆయన అట్లా నవ్వుతూ అడిగేసరికి నా ఒళ్ళు మండిపోయింది.

"కోత మధ్యాహ్నానికి మారిందని నీకు తెలుసా నాయనా?" అన్నాను.

"తెలుసమ్మా."

"తెలిసి కూడా చెప్పలేదు. వంతు నిలబడితే చాలు, ఎవరు ఏమైపోయినా నీకు పట్టదు" అని నలభై మంది ముందు అన్నాను. నాయన నవ్వు ఆగిపోయింది. నల్లబల్ల పక్కన రామాంజి రాసి పెట్టిన పట్టిక ఉంది. దాన్ని పైనుంచి కింది దాకా ఒకసారి, మళ్ళీ ఒకసారి చదివాడు. "చెప్పల్సిండె" అని మాత్రం అని, వచ్చిన దారినే పోయాడు. ఆ నెలలోనే నేను హిందూపురంలో గది తీసుకుని వచ్చేశాను. పండక్కి పోయినా, జబ్బు చేస్తే పోయినా, ఆయనతో నా మాటలు మందు వేసుకున్నావా, తిన్నావా వరకే.

ఇప్పుడు కరెంటు పోవడం లేదు. పోయినా ల్యాప్‌టాప్‌కు తెలియదు. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని నాలుగు దేశాల వాళ్ళకు వినబడేలా మాట్లాడుతున్నారు. నా పట్టికలో నేను ఎక్కడ ఏ అక్షరం మార్చినా అదే క్షణంలో అందరికీ కనబడుతుంది. ఆ రోజుల్లో అట్లాంటిది ఉంటే అన్న ఆలోచన తెమలదు, నన్ను కూర్చోనివ్వదు. అట్లాంటిదేమీ అక్కర లేదు కూడా. ఆ శనివారం ఇంటికి వచ్చి, గోడ మీది కాగితం చింపి కొత్తది అతికించి ఉంటే చాలు. మూడు రోజుల పంతం వదిలి, నాయనా పట్టిక మారింది అని ఒక్క మాట అని ఉంటే చాలు.

ఆదెప్ప మామ మిగిలింది కూడా చెప్పాడు. సత్రం నుంచి నాయన నేరుగా సబ్‌స్టేషన్‌కే పోయాడట. సంగతి విని మామ "అయితే ఇప్పుడే అటుదిటు వేసేస్తా, ఇంకా గంట పైన ఉండాది" అని లేవబోతే, నాయన చేయి పట్టుకుని ఆపాడట. "వద్దప్పా. స్టేషన్ వైపోళ్ళు నా మూలంగా పొద్దునంతా లేకుండా ఉండారు. రెండోసారి తీయకూడదు." తరువాత పైనుంచి మామకు మెమో వస్తే, తానే అడిగి మార్పించానని నాయన రాసిచ్చాడట. ఆ బెంచీ మీద కూర్చుని అన్నాడట: "ఉద్యోగంలో ఒగ్గ తప్పు చేసినా ఆదెప్పా. అదీ సరిగా చేయలేకపోతి."

"ఉన్నది ఉన్నట్టు పాపకు చెప్పు నారాయణప్పా, అంటి నేను" అన్నాడు మామ, ఖాళీ గ్లాసు కింద పెడుతూ. "దానికేమన్యాడో తెల్సా? చెప్తే, లిస్టు మార్చింది నేనే కదా, నా మూలంగానే ఆ పిల్లకు ఇట్లాయ కదా అని అది బతికినన్నాళ్ళూ కుమిలిపోతాది. అదే నా మీద కోపమైతే రెండు దినాల్లో పోతాదిలే, అన్యాడు."

రెండు రోజుల్లో పోలేదు. నాలుగేళ్ళ కిందట పెనుకొండ ఇంట్లో నాయన కన్ను మూసిన రోజున కూడా, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తూనే, ఆ కోపం నాలో అట్లాగే ఉంది.